ఓర్పుకి కూలి ఎంత?

మొన్న మా ఎదురింటి అమ్మాయి ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో ఉద్యోగానికి పరీక్ష రాసి వచ్చింది. ఏమడిగారే అంటే పకపకా నవ్వేసింది. "మీకు తొందరగా కోపం వస్తుందా? చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తే విసుగేస్తుందా? పక్కవాళ్ళతో ఎక్కువ మాట్లాడతారా? ఇవీ పిన్నిగారూ ప్రశ్నలు!"

నాకు నవ్వు రాలేదు. ఇరవై ఏళ్ళ క్రితం పెళ్ళిచూపుల్లో మా అత్తగారు ఆరా తీసినవీ ఇంచుమించు ఇవే.

స్వభావానికీ పనితనానికీ సంబంధమే లేదని నేననను. శ్రద్ధగల మనిషి ఏ పనిలోనైనా కాస్త మెరుగని బారిక్, మౌంట్ అనే పరిశోధకులు 1991లో లెక్కలు కట్టి చెప్పారు. మేనేజర్లకి శ్రద్ధ కనిపిస్తుంది గానీ ఆ 'కాస్త' కనిపించదు.

చికాగో దగ్గరి హాథార్న్ ఫ్యాక్టరీ సంగతే చూడండి. 1927లో టెలిఫోన్ రిలేలు బిగించే ఆరుగురు ఆడపిల్లల్ని విడిగా ఓ గదిలో కూర్చోబెట్టి పరిశీలించారు. ఐదుగురు బిగించేవారు, ఒకమ్మాయి సామాను అందించేది. ఒక్కో రిలేకి ముప్ఫై పైచిలుకు చిన్న చిన్న ముక్కలు. 1928 జనవరిలో ఇద్దర్ని పంపేశారు. నేరమేమిటయ్యా అంటే, కబుర్లెక్కువ, చెప్పినమాట వినరు! తర్వాత వచ్చినవాళ్ళు చకచకా చేశారట. ఇంకేం, మంచి స్వభావం గెలిచింది! అప్పటికే ఆ గదిలో మధ్యమధ్య విశ్రాంతి ఇస్తున్నారు. కూలి కూడా వందమంది పని మీద కాక ఆ కొద్దిమంది పని మీదే లెక్కగట్టారు. పైగా కొత్తగా వచ్చిన ఒకమ్మాయి మీద ఇంటిల్లిపాది బరువూ పడింది. అది స్వభావమా, అవసరమా?

ఇక "ఆడవాళ్ళ వేళ్ళు సన్నం, ఓర్పు పుట్టుకతోనే వస్తుంది" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఎల్సన్, పియర్సన్ అనే ఇద్దరు స్త్రీలు 1981లోనే దీన్ని కడిగేశారు. అది పుట్టుక కాదు, ఇంట్లో ఇచ్చిన శిక్షణ అన్నారు. మనకి తెలియదూ? బియ్యంలో రాళ్ళేరించారు, మల్లెమొగ్గలు కట్టించారు, జాకెట్లకి హుక్కులు కుట్టించారు. చుక్క తప్పితే ముగ్గంతా చెరిపించి మళ్ళీ వేయించారు. అన్నయ్యని ఎవరైనా కూర్చోబెట్టారా? నేర్చుకున్న విద్య అయితే దానికి జీతం ఇవ్వాలి. పుట్టుకతో వచ్చిందనేస్తే ఇవ్వక్కర్లేదు. అసలు కిటుకంతా అక్కడే ఉంది.

"ఇంతకీ కోపం సంగతి ఏం రాశావే?" అన్నాను.

"అస్సలు రాదని రాశాను. ఉద్యోగం కావాలిగా పిన్నిగారూ! రాస్తుంటే మాత్రం ఎంత కోపమొచ్చిందో!"