పోస్టింగుకు వచ్చిన అమ్మాయి ఎవరి బాధ్యత?

ఏ పెద్ద ఆస్పత్రిలోనైనా ఫిజియోథెరపీ విభాగంలోకి వెళ్లి చూడండి. పక్షవాతం వచ్చినవారి చేయి పట్టుకుని కదిలిస్తున్నది, మోకాలి ఆపరేషన్ అయినవారిని మెల్లగా నడిపిస్తున్నది చాలాసార్లు విద్యార్థినులే. కాలేజీ దీన్ని క్లినికల్ పోస్టింగ్ అంటుంది. ఆస్పత్రికి ఇది జీతం అక్కర్లేని శ్రమ. మనం దీన్ని పని అనే అనాలి.

ఈ పనంతా స్పర్శతో ముడిపడినది. తెర చాటున రోగితో ఒంటరిగా ఉండాల్సి వస్తుంది. రోగి గానీ, పైనున్న సీనియర్ గానీ హద్దు మీరితే 'ఈ వృత్తిలో ఇవన్నీ మామూలే, సర్దుకోవాలి' అన్న హితవు వినిపిస్తుంది. సేవ స్త్రీకి సహజమనీ, సేవలో ఓర్చుకోవడం ఇంకా సహజమనీ పితృస్వామ్యం నేర్పిన పాఠమే వార్డులో వృత్తిధర్మంగా వేషం మార్చుకుంటుంది.

ఒక విద్యార్థిని నాతో ఇలా అంది: "కాలేజీలో చెప్తే అది ఆస్పత్రి వ్యవహారమన్నారు మేడమ్. ఆస్పత్రిలో చెప్తే నువ్వు మా స్టాఫ్ కాదుగా అన్నారు." లాగ్‌బుక్‌లో సంతకం పెట్టాల్సింది వాళ్లే, మార్కులు వేయాల్సిందీ వాళ్లే. ఆమె నోరు మూసుకుని పోస్టింగ్ పూర్తి చేసింది.

నిజానికి ఈ రెండు జవాబులూ తప్పే. రాజస్థాన్‌లో సాథిన్‌గా పనిచేసిన భన్వరీదేవిపై 1992లో జరిగిన అత్యాచారం నుంచి 1997 విశాఖ తీర్పు, దాని నుంచి 2013 చట్టం వచ్చాయి. ఆ చట్టం ప్రకారం జీతం ఉన్నా లేకపోయినా శిక్షణలో ఉన్నవారు కూడా ఉద్యోగులే. ఆస్పత్రి, నర్సింగ్ హోమ్ పని ప్రదేశాలే. ఇక 2015 నాటి యూజీసీ నిబంధనలు ఇంటర్న్‌షిప్ చేసే చోటును కూడా క్యాంపస్‌లో భాగంగానే చూస్తాయి. అంటే చట్టం ఆమెకు రెండు తలుపులు తెరిచింది. సంస్థలు రెండూ మూసేస్తున్నాయి.

ఫిర్యాదుకు గడువు 3 నెలలు. తగిన కారణం ఉంటే కమిటీ మరో 3 నెలలు పొడిగించవచ్చు. పోస్టింగ్ అయ్యాక చూద్దామనుకునే అమ్మాయికి ఈ గడువు సంగతి మొదటి రోజే ఎవరు చెప్తున్నారు?

2024 ఆగస్టులో కలకత్తా ఆర్.జి.కర్ ఆస్పత్రిలో శిక్షణలో ఉన్న డాక్టర్ అత్యాచారానికి, హత్యకు గురైనప్పుడు దేశమంతా వీధుల్లోకి వచ్చింది. అంతదాకా రాని రోజువారీ అవమానాలకు మాత్రం ఊరేగింపులు ఉండవు.

కాలేజీకీ ఆస్పత్రికీ మధ్య జరిగే ఒప్పందంలోనే ఫిర్యాదు ఎవరు తీసుకోవాలో రాయాలి. ఫిర్యాదు ఎవరి మీదో ఆ వ్యక్తి చేతిలో ఆమె మార్కులు ఉండకూడదు. రోగిని ఒంటరిగా చూడలేనని విద్యార్థిని చెప్తే దాన్ని అసమర్థతగా లెక్కకట్టకూడదు.

ఆస్పత్రి అంతర్గత కమిటీలో బయటి నుంచి ఒకరు సభ్యులుగా ఉండాలని చట్టం అంటుంది. మనలో చాలామందిమి ఆ కుర్చీలో కూర్చుంటున్నాం. ఈసారి సమావేశానికి వెళ్లినప్పుడు ఒక్క ప్రశ్న అడుగుదాం: ఇక్కడికి పోస్టింగుకు వచ్చే అమ్మాయిలకు ఈ కమిటీ ఉందని తెలుసా?