కొండపొదలలోని కుంచెపువ్వు

కాలిఫోర్నియాలో కాపురముండు సోదరి యొకరు శాన్ బెర్నార్డినో కొండలలో దీసిన యెఱ్ఱపూవు చిత్రమును మాకు పంపి, దాని పేరేమని యడిగినారు. ఇంటికి గొనివచ్చి తొట్టిలో నాటిన మొక్క మూడుదినములలో వాడిపోయినదట! నీరు చాలలేదేమో యని వారి చింత. కారణ మది కాదు.

ఆ ప్రాంతమున వానలు శీతకాలమున గురియును, వేసవి యెండుకాలము. బిరుసాకుల గుబురుపొదలు కొండవాలులను గప్పియుండును. వానిని చాపరల్ అందురు. పైకి బోయినకొలది పైనువృక్షముల యడవి. ఈ రెండు తావులందును బెరుగు నీ మొక్క రంగులో ముంచిన కుంచెవలె నుండుటచే నచటివా రాపేరనే పిలుతురు. శాస్త్రనామము కాస్టిల్లేయా.

ఎఱ్ఱగా గానవచ్చునవి పూరేకులు కావు, పుష్పపుచ్ఛములును రక్షకపత్రములును. అసలు పువ్వు వాని నడుమ సన్నని పచ్చగొట్టమై దాగియుండును. హమ్మింగు పిట్టలు దాని తేనెకై వచ్చును.

ఎఱుపును జూచి జాతిని నిర్ణయింపరాదు. ఆ కొండలలో ఎఱ్ఱకుంచె లనేకములు. ఆకును జూడవలెను. అంచు లలలవలె వంకరలు దిరిగి, మొక్క వ్రేళ్ళకు జిగటగా నంటినచో నది ఆపిల్‌గేటై జాతి. ఉన్నివంటి నూగు దట్టముగా గప్పి బూడిదవన్నెగా నున్నచో ఫోలియోలోసా. భూతద్దమున జూచిన ఆ నూగు కొమ్మలుగా జీలియుండును. జిగటయు నలలును లేనిచో అఫినిస్ కావచ్చును. సోదరి పంపిన చిత్రమున నంచు లలలుగా నున్నవి. చేతికి జిగట యంటినదని వారే వ్రాసిరి. ఇక నుపజాతి. పాలిడా యనునది సియెర్రా నెవాడా యున్నతశిఖరములకు జెందినది. దక్షిణపు కొండల పొదలలోను, అడవులలోను నుండునది మార్టినై. తావును గుర్తే గదా! మేము దీనిని మార్టినై యనియే తలంతుము.

మొక్క వాడుటకు గారణ మిది: ఇది సగము పరాన్నభుక్కు. ఆకుపచ్చదనముచే దన యన్నము తాను వండుకొనును గాని, వ్రేళ్ళతో పొరుగుపొదల వ్రేళ్ళను బట్టి నీరును, లవణములును గ్రహించును. పెకలించిన నా పట్టు తెగును. మన బదనిక కొమ్మపై జేయుపని యిది మట్టిలో జేయును. బదనికకు అమరకోశమున వృక్షాదని, అనగా చెట్టును దినునది, యని పేరు. అయినను దీని దగ్గఱి చుట్టము బదనిక కాదు; మన పొగాకురైతుల నేడిపించు పొగాకుమల్లె. రెండును నొక్క కుటుంబమే. మల్లెకు పచ్చదనమే లేదు, సర్వమును పొరుగుసొమ్మే.

ప్రభుత్వపు టడవులలో ననుమతిలేక మొక్కను పెఱుకుట యచట నిషిద్ధము కూడ. పెంచనెంచినచో విత్తనములను విక్రయించువారియొద్ద గొని, కొన్నివారములు చల్లదనము తగులనిచ్చి, అచటి పొదమొక్క యొకదాని ప్రక్కనే విత్తవలెను. మొలచిన పిదప వేఱుతొట్టికి మార్చరాదు.