ఆగని కరెంటు – అందని శక్తి

స్మృతి నగర్‌లో మా పొరుగున ఉండే మిత్రులొకరు ఉక్కు కర్మాగారంలో పదవీ విరమణ చేసినవారు. మొన్న ఒక కరపత్రం తెచ్చి మా చేతిలో పెట్టారు. స్ప్రింగు వలె చుట్టిన అతి సూక్ష్మమైన తీగలలో కరెంటు ఎన్నటికీ ఆగదనీ, ఆ సూత్రంపై తయారైన పెట్టెను కొన్నవారికి ఇక కరెంటు బిల్లే ఉండదనీ అందులో వ్రాసి ఉన్నది. "గ్రాట్యుటీ సొమ్ములో లక్ష రూపాయలు పెడదామనుకుంటున్నాను. మీరేమంటారండీ?" అని వారడిగారు.

కరపత్రంలోని మొదటి మాటలో కొంత నిజమున్నది. 1911లో హాలెండు శాస్త్రవేత్త కామర్లింగ్ ఆన్స్ పాదరసాన్ని సుమారు 4.2 కెల్విన్ల వరకు చల్లబరచగా దాని విద్యుత్ నిరోధం మాయమైనది. అట్టి అతివాహక తీగచుట్టలో కరెంటు ఏళ్ళ తరబడి తిరుగుతుంది. ఆసుపత్రులలోని అనేక ఎం.ఆర్.ఐ. యంత్రాలలో అయస్కాంతం పనిచేసేది ఇట్లే.

నిరోధం గల మామూలు లోహపు ఉంగరంలో సైతం ఆగని ప్రవాహం సాధ్యమని 1983లో బుటికర్, ఇమ్రీ, లాండౌవర్ సూచించారు. ఉంగరం మిల్లీమీటరులో వెయ్యవ వంతు పరిమాణంలో ఉండి, పరమశూన్యానికి ఒక డిగ్రీ లోపు చల్లబడితే, ఎలక్ట్రాను తరంగం చెదరక చుట్టు పూర్తి చేసుకొంటుంది. ఉంగరం గుండా అయస్కాంత క్షేత్రం ఉన్నంతవరకు ప్రవాహముంటుంది. 1990లో బెల్ ప్రయోగశాల వారు కోటి రాగి ఉంగరాలను పేర్చి దీని జాడ పట్టారు. 2009లో యేల్ విశ్వవిద్యాలయం వారు అల్యూమినియం ఉంగరాలను సన్నని సిలికాన్ పట్టీలపై ఉంచి, పట్టీ కంపనంలోని మార్పును బట్టి కొలిచారు. తేలినది నానోఆంపియరు స్థాయి, అనగా ఆంపియరులో వంద కోట్లవ వంతు. తీగను స్ప్రింగు వలె చుట్టినా, కొనలు కలిసి వలయం కానిదే ప్రవాహం నిలువదు.

ఇక కరపత్రంలోని రెండవ మాట. ఆ సూక్ష్మ వలయంలోని ప్రవాహం పరమాణువులో ఎలక్ట్రాను కదలిక వంటిది. అది సమతాస్థితి; దాని నుండి శక్తిని తోడి బల్బు వెలిగించలేము. అతివాహక చుట్ట సైతం మనం నింపినదానికంటె ఎక్కువ ఇవ్వదు. దానిని చల్లగా ఉంచే ఖర్చు అదనం.

బ్లాస్ట్ ఫర్నేసులో కోక్ వేయనిదే ఇనుము కరగదని జీవితమంతా చూసినవారము మనము. ఇట్టి పెట్టె అమ్మవచ్చినవారిని ఒక్కటే అడగండి: "లోనికి పోయే శక్తినీ, వెలికి వచ్చే శక్తినీ మా మీటరుతో కొలవనిస్తారా?" మా మిత్రులు అదే అడిగారు. అమ్మకందారు మరల రాలేదు; సొమ్ము బ్యాంకులోనే ఉన్నది.