నీలం సిలిండర్‌ను కాటా ఎక్కించండి

ఆసుపత్రి సూపరింటెండెంట్లకు, మత్తు డాక్టర్లకు, థియేటర్ సిబ్బందికి విజ్ఞప్తి

మీ ఆపరేషన్ థియేటర్లకు పైపుల్లో వచ్చే నైట్రస్ ఆక్సైడ్, అదే లాఫింగ్ గ్యాస్, నెలకు ఎంత ఖర్చవుతోంది? స్టోర్స్ రిజిస్టర్ చూసి వచ్చిన సిలిండర్లెన్నో, వెనక్కి వెళ్లిన ఖాళీలెన్నో చెప్పగలరు. అందులో రోగి పీల్చింది ఎంత, పైపు అతుకుల్లోంచి జారిపోయింది ఎంత అంటే మాత్రం ఏ రిజిస్టర్లోనూ దొరకదు.

మానిఫోల్డ్ గదిలో గేజ్ ఉందిగా అంటారేమో. ఆ గేజ్‌ను నమ్మడానికి లేదు. ఆ నీలం సిలిండర్‌లో ఉన్నది ఒత్తిడికి ద్రవంగా మారిన గ్యాస్. పైనుంచి కొంత పోగానే కింది ద్రవం ఆవిరై ఆ చోటు నింపేస్తుంది. ద్రవం అడుగంటేదాకా ముల్లు దాదాపు కదలదు. ఇంట్లో వంటగ్యాస్ బండను తూచి చూసుకున్నట్టు దీన్నీ తూచాల్సిందే.

స్కాట్లాండ్‌లో ఆసుపత్రులు ఈ లెక్క తీశాయి. కొన్న గ్యాస్‌లో చాలా భాగం రోగిదాకా చేరడమే లేదని తేలింది. 2024లో అమెరికా మత్తు వైద్యుల సంఘం కూడా ఈ పైపులైన్లు ఆపేసి, అవసరమైన చోట చిన్న సిలిండర్లు వాడమని సూచించింది. మనమూ ఆ పనే చేయాలి. ఆక్సిజన్ పైపు జోలికి ఎవరూ పోనక్కర్లేదు. కాన్పు నొప్పులకో, పసిపిల్లల మత్తుకో ఈ గ్యాస్ కావాలంటే మంచం పక్కనే చిన్న సిలిండర్ ఉంటుంది.

నూరేళ్ల లెక్కన చూస్తే ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 కిలోల కార్బన్ డయాక్సైడ్ అంత వేడి పెంచుతుంది. 30 కిలోలు గాలిలో కలిస్తే 8 టన్నుల పైమాటే. ఓజోన్ పొరకూ చేటే. యూరియా వేసిన పొలాల నుంచి ఇంతకంటే చాలా ఎక్కువే వస్తుంది, నిజమే. కానీ పొలానికి మూత పెట్టలేం, పైపుకు పెట్టగలం.

లీకులు ఆగాక మిగిలేది రోగి వదిలిన గ్యాస్. ఇక్కడే ఎలక్ట్రోకెమిస్ట్రీ అక్కరకొస్తుంది. స్వీడన్‌లో కాన్పు వార్డుల గ్యాస్‌ను వేడి ఉత్ప్రేరకం మీదుగా పంపి విడగొడుతున్నారు. అందుకు వందల డిగ్రీల వేడి కావాలి. విద్యుత్ ఘటంలో అంత వేడి అక్కర్లేదు. ఎలక్ట్రోడ్ దగ్గర నైట్రస్ ఆక్సైడ్ అణువుకు రెండు ఎలక్ట్రాన్లు, కాస్త నీరు అందితే ఆక్సిజన్ పరమాణువు ఊడి హైడ్రాక్సైడ్‌గా నీటిలో చేరుతుంది. మిగిలేది నైట్రోజన్, మనం పీల్చే గాలిలో ముప్పాతిక పైగా ఉన్నదే. ప్రయోగశాలల్లో ఇది రుజువైన పనే.

చిక్కల్లా రోగి ఊపిరిలోని ఆక్సిజన్‌తో. అదీ ఎలక్ట్రాన్ల కోసం పోటీ పడి కరెంటు తినేస్తుంది. కాబట్టి గ్యాస్‌ను ముందు వేరుచేయాలి, లేదా ఆక్సిజన్‌ను పట్టించుకోని ఎలక్ట్రోడ్ వెతకాలి. హైదరాబాద్ తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ ఉంది, కారైకుడిలో ఎలక్ట్రోకెమిస్ట్రీకే పుట్టిన సీఈసీఆర్‌ఐ ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు చెరో బోధనాసుపత్రిని వీరికి అప్పగించి, ఒక్కో థియేటర్‌లో ఈ విద్యుత్ ఘటపు యంత్రాన్ని పరీక్షింపజేయాలి. ఆ ఫలితాలు, మంచైనా చెడైనా, బయటపెట్టాలి.

యంత్రం వచ్చాక చూద్దాంలే అని లీకులను వదిలేయొద్దు. కాటాకు ప్రభుత్వ ఉత్తర్వు అక్కర్లేదు. సోమవారం ఉదయం థియేటర్ మొదలుకాక ముందు తూచండి. రాత్రి థియేటర్లలో గ్యాస్ వాడకం పూర్తిగా ఆగాక, సిలిండర్ వాల్వు తెరిచే ఉంచి మళ్లీ తూచండి. మంగళవారం పొద్దున ఆ బరువు తగ్గి ఉంటే ప్లంబర్ని కాదు, మెడికల్ గ్యాస్ ఇంజనీర్ని పిలవండి.