గడప దాటిన చెత్త యెవరిది?

వేకువజామున లేచి, యిల్లూడ్చి, వాకిట కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టి, ఊడ్చిన చెత్తను సంచిలో మూటగట్టి ప్రక్కనున్న గెడ్డలో విడుచుట మనలో ననేకులకు శుచిత్వమని తోచుచున్నది. మద్దిలపాలెములో నిట్టి శుచిత్వమునకు కొదువ లేదు. 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు కూతవేటు దూరమున కాపురముండియు, మనకు చదువు నోటికి వచ్చినది గాని చేతికి రాలేదు.

మందలించినచో, "చెత్త యెత్తుటకు నగరపాలక సంస్థవా రున్నారు గదా!" అందురు. ఉన్నారు. వారు తమ పని చేయనిచో నిలదీయవలసినదే. ధనము లేదను సాకుతో పురపాలకసంఘము తన విధిని తప్పించుకొనజాలదని రత్లాం వ్యాజ్యమున సర్వోన్నత న్యాయస్థానము 1980లోనే తీర్పు చెప్పినది. కాని సంఘమునకు విధి యున్నంతమాత్రమున గృహస్థునకు లేకపోవునా?

ఇప్పుడు మఱియొక సాకు దొరకినది. మన రాష్ట్రమున 2021లో మొదలైన చెత్తపన్ను 2024 తుదిని రద్దయినది. పన్నుతో పాటు బాధ్యతయు రద్దయినదని కొందఱు సంతసించుచున్నారు. ఇది వట్టి భ్రాంతి. తడిచెత్తను, పొడిచెత్తను, అపాయకరమైన చెత్తను వేఱుచేసి యొప్పగింపవలెననియు, వీధిలోగాని కాలువలోగాని పాఱవేయరాదనియు, కాల్చరాదనియు, కేంద్రప్రభుత్వము 2016లో ప్రకటించిన నియమములు గృహస్థునే శాసించినవి. 2026 నాటి క్రొత్త నియమములు ఆ మూడు తెగలను నాలుగు చేసినవే గాని, గృహస్థుని విడిచిపెట్టలేదు.

ఇది పరదేశపు నీతి యనువారు మనుస్మృతి నవమాధ్యాయమును విప్పిచూతురు గాక! ఆపద లేకయే రాజమార్గమున మాలిన్యమును విడిచినవానికి రెండు కార్షాపణములు దండము; పైగా దానిని వాడే వెంటనే శుభ్రము చేయవలెను. కౌటిల్యుడు వీధిలో దుమ్ము పోసినవానిని సైతము దండింపుమనెను. వర్ణధర్మములకై మనువును గట్టిగ పట్టుకొన్న మన పెద్దల కంట ఆ యొక్క విధి మాత్రము పడకపోవుట వింత!

మనము కలగలిపి కట్టిన మూటను విప్పువా రెవరు? మన గాజుపెంకులును సూదులును ఎవరి చేతులలో గ్రుచ్చుకొనుచున్నవి? వానకాలమున మన సంచులు గెడ్డ గొంతు నడ్డగింపగా, ఆ మురికినీరు పల్లమునందలి యెవరి యిండ్లలోనికి పోవుచున్నది? మన యింటి పనిని తోడిమానవుని నెత్తిన రుద్ది, ఆ పని చేసినందులకే వానిని తరతరములుగ దూరముంచితిమి. ఇంతకు మించిన అశౌచ మేది?

కావున గృహస్థులారా, రేపటి ముగ్గునకు ముందే యింట బుట్టలు వేఱుగ పెట్టుడు. ఆ భారమును ఇల్లాలిపై త్రోసి మీరు పత్రిక చదువుచు కూర్చుండకుడు. ఇంటి యజమాని యనిపించుకొన్నవాడు ఇంటి చెత్తకును యజమానియే. చెత్త గడప దాటినంతనే పరులది కాదు. వేఱుచేసి, తగినవారి చేతి కప్పగించువఱకు అది మనదే.