రాజు లేని సమాధి

భూమిపై సంచరించి, తమకు పూర్వం గతించిన జాతుల పర్యవసానాన్ని గమనించమని దివ్యఖుర్‌ఆన్ అనేక చోట్ల మానవులను ప్రోత్సహిస్తుంది. ఒకే దారిన నడిచిన ఇద్దరిలో ఒకరు వినోదంతోనూ, మరొకరు గుణపాఠంతోనూ తిరిగిరావచ్చు. ఈ మాసం పాఠకులతో పంచుకోదలచినది మేము ఒంటరిగా గడిపిన ఒక రోజు విశేషం.

ఉమ్రా ముగిసిన పిదప తోటి యాత్రికులు నేరుగా హైదరాబాదుకు బయలుదేరగా, మేము రెండు రోజులు కైరోలో ఆగాము. గీజా పిరమిడ్లను చూడాలన్నది చిన్ననాటి కోరిక. అయితే మనసులో ఇంటి విషయమొకటి మెదులుతూనే ఉన్నది. మా తండ్రిగారు అల్లాహ్ సన్నిధికి చేరి ఏడాది కావస్తున్నది. ఆయన సమాధిపై పాలరాతి కట్టడం నిర్మించి, పేరు చెక్కించాలని ప్రతిపాదించినది మేమే. అది సున్నత్‌కు విరుద్ధమని చిన్న తమ్ముడు అడ్డు చెప్పాడు. పెద్దవారమన్న అహంతో ఆ మాటను త్రోసిపుచ్చాము. అందుకు కావలసిన సొమ్మునూ విడిగా తీసిపెట్టాము.

ఉదయమే నైలు నది దాటి గీజా చేరాము. ద్వారం వద్ద ఒక వృద్ధుడు తన ఒంటెను ఎక్కమని వెంటబడ్డాడు. ఒంటరి బాటసారిని మోసగించజూస్తున్నాడేమోనన్న అనుమానంతో ఆయనను కసురుకుని ముందుకు సాగాము.

ఎదుట ఖూఫూ రాజు పిరమిడ్. దాని వయస్సు సుమారు 4500 సంవత్సరాలు. కట్టిననాడు ఎత్తు 146 మీటర్లు; పైకొన రాలిపోయి నేడు సుమారు 138 మీటర్లు మిగిలింది. మన చార్మినార్లు రెండింటిని ఒకదానిపై ఒకటి నిలిపినా అంత ఎత్తుకు చాలవు. అందులో దాదాపు 23 లక్షల రాళ్లు ఉన్నాయని అంచనా. సుమారు 3800 సంవత్సరాలపాటు మానవుడు అంతకన్నా ఎత్తైన కట్టడాన్ని నిర్మించలేదు.

పిరమిడ్ అనగానే మన ఇళ్లలో ఫిరౌన్ ప్రస్తావన వస్తుంది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను ఎదిరించిన ఫిరౌనే వీటిని కట్టించాడని పిల్లలకు చెప్పేవారూ ఉన్నారు. అది సరికాదు. చరిత్రకారుల లెక్క ప్రకారం ఆ ఫిరౌన్ కాలానికి వెయ్యేళ్లకు పైగా ముందే ఈ పిరమిడ్లు వెలిశాయి. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) నాటికే ఇవి పురాతన కట్టడాలు. వీటిని చూస్తూ పెరిగినవారే మళ్లీ అహంకరించారన్నది ఆలోచించవలసిన సంగతి.

నేడు సందర్శకులు ప్రవేశించే సొరంగాన్ని 9వ శతాబ్దంలో అబ్బాసీ ఖలీఫా మామూన్ తవ్వించారని ప్రసిద్ధి. లోపలి ఇరుకు దారిలో నడుము వంచి, ఆయాసపడుతూ ఎక్కాము. ఎంతటివాడైనా అక్కడ వంగక తప్పదు. చివరకు రాజు గదికి చేరాము. దాని గోడలూ కప్పూ నల్లసేనపు రాతివే. ఆ రాళ్లను సుమారు 800 కిలోమీటర్ల దూరాన ఉన్న అస్వాన్ నుండి నదిపై తెచ్చారు. గదిలో చెక్కడాలు లేవు, చిత్రాలు లేవు. ఒక మూలన రాతిపెట్టె ఒక్కటే ఉన్నది. దానికి మూత లేదు. అంచు విరిగిపోయింది. లోపల ఏమీ లేదు.

ఏ దేహాన్ని దాచేందుకు ఇన్ని లక్షల రాళ్లు పేర్చారో ఆ దేహం జాడ నేటికీ తెలియదు. ఇంతటి కట్టడాన్ని నిలిపిన ఖూఫూ రూపమని నిశ్చయంగా చెప్పదగిన పూర్తి ప్రతిమ ఒక్కటే లభించింది. అది దంతంతో చేసిన బొమ్మ. ఎత్తు సుమారు ఏడున్నర సెంటీమీటర్లు. ఆ ఖాళీ పెట్టె ముందు నిలబడినప్పుడు మేము తీసిపెట్టిన పాలరాతి సొమ్ము గుర్తుకు వచ్చింది.

ఇది పరాయి జాతుల పొరపాటు మాత్రమే అనుకోరాదు. గోల్కొండ సమీపంలో కుతుబ్‌షాహీ సుల్తానుల గుంబజులు వరుసగా నిలిచి ఉన్నాయి. వారిలో చివరివాడైన అబుల్ హసన్ తానాషాకు ఆ వరుసలో చోటు దక్కలేదు. ఆయన దౌలతాబాద్ కోటలో బందీగా మరణించాడు.

వెలుపలికి వచ్చి మూడవదైన మెన్కౌరే పిరమిడ్ వద్దకు నడిచాము. దాని ఉత్తర ముఖాన పెద్ద గాటు కనిపిస్తుంది. 12వ శతాబ్దం చివర సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ కుమారుడు అల్ అజీజ్ ఉస్మాన్ దీనిని కూల్చివేయ సంకల్పించాడు. ఎనిమిది నెలలు శ్రమించినా రోజుకు ఒకటి రెండు రాళ్లకు మించి ఊడదీయలేక పనివారు విరమించుకున్నారు. ఆ కాలంలో ఈజిప్టులో ఉన్న బాగ్దాదు వైద్యుడు అబ్దుల్ లతీఫ్ ఆ వ్యర్థప్రయాసను తన గ్రంథంలో నమోదు చేశాడు. పూర్వుల కట్టడాలను కూల్చడం వేరు, వాటి నుండి ఇబ్రత్ పొందడం వేరు.

దక్షిణాన గుట్ట వాలులో పిరమిడ్లు కట్టిన శ్రామికుల సమాధులున్నాయి. 1990లో ఒక గుర్రం కాలు పాతిపోయిన మట్టి ఇటుకల గోడకు తగిలి తడబడగా అవి వెలుగుచూశాయి. బరువులు మోసి అరిగిన వెన్నెముకలు, విరిగి చక్కగా అతుక్కున్న చేతి ఎముకలు అక్కడ లభించాయి. అంటే ఎవరో ఆ గాయాలకు కట్టుకట్టి, నయమయ్యేదాకా సేవ చేశారు. ఆ వైద్యుని పేరు ఎవరికీ తెలియదు. ఆయన చేసిన మేలు మాత్రం వేల ఏళ్ల తరువాత కూడా ఎముకలలో సాక్ష్యమై నిలిచింది.

జుహ్ర్ వేళకు సింహమానవ శిల్పం సమీపానికి వచ్చాము. ఉదయం మేము కసురుకున్న వృద్ధుడే ఇసుకపై దుప్పటి పరచి, "యా హాజ్జ్!" అని పిలిచి పక్కన చోటు చూపాడు. సిగ్గుతో తలవంచి వెళ్లాము. ఆయన ఇమామత్ చేశాడు. ముసాఫిర్లమైనా స్థానికుని వెనుక నిలిచినందున నాలుగు రకాతులూ పూర్తి చేశాము. మా ముఖాలు మక్కా దిశగా ఉన్నాయి. పిరమిడ్లు వెనుక ఉన్నాయి. సలాం తిప్పాక ఉదయపు మాటకు క్షమాపణ కోరాము. ఆయన నవ్వి, తన సీసాలోని నీళ్లు అందించాడు. బాడుగ మాట ఎత్తనే లేదు.

సమాధులను గచ్చు చేయడాన్నీ, వాటిపై కట్టడాలు నిర్మించడాన్నీ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) వారించారు. మనిషి మరణించాక అతని ఆచరణలు ఆగిపోతాయనీ, కొనసాగే దానం, ప్రయోజనకరమైన విద్య, దుఆ చేసే ఉత్తమ సంతానం మాత్రం మిగులుతాయనీ బోధించారు. ఈ హదీసులు మాకు తెలియనివి కావు. తెలిసిన మాట మనసులోకి దిగడానికే ఇంత దూరం పోవలసివచ్చింది.

ఆ రాత్రి చిన్న తమ్మునికి ఫోను చేసి, "నీ మాటే సరైనది. మాదే పొరపాటు" అని ఒప్పుకున్నాము. అతడు కొంతసేపు మౌనంగా ఉండి, "భాయీజాన్, అబ్బాజాన్ చదువుకున్న మదరసాలో పిల్లలు నీళ్లకు వీధి చివరి కుళాయి దాకా పోతున్నారు" అన్నాడు. సొమ్ము ఎటు పోవాలో మరి చర్చించవలసిన అవసరం రాలేదు.

నేడు మదరసా ఆవరణలో బోరు నీళ్లు వస్తున్నాయి. దానిపై ఎవరి పేరూ లేదు. తండ్రిగారి సమాధి మట్టిగానే ఉన్నది. వానలకు గడ్డి మొలిచింది. ఆ నీటితో వుజూ చేసే ప్రతి బాలుని పుణ్యంలో ఆయనకు భాగం ప్రసాదించమనీ, బ్రతికి ఉన్న మనకు రాళ్లపై మోజు తగ్గించి సత్కర్మలపై ఆసక్తి పెంచమనీ అల్లాహ్‌ను వేడుకుంటున్నాము. ఆమీన్.