హెచ్‌ఏ పచ్చగానే ఉంది, మెయిలే రాలేదు

మన ఐటీ జనాలకి కొన్ని నమ్మకాలుంటాయి. శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్ సర్వర్ల మీద చెయ్యి వెయ్యకూడదు అనేది ఒకటి. (అది మూఢనమ్మకం కాదు, సీనియర్లు దెబ్బలు తిని నేర్చుకున్న అనుభవసారం. దాని జోలికి నేను పోను.) తెర మీద పచ్చదీపం వెలుగుతుంటే లోపలంతా క్షేమమే అనేది ఇంకొకటి. నా గొడవంతా ఈ రెండోదాని మీదే. అందులోనూ, ఈమెయిలు సెక్యూరిటీ సర్వర్లని జంటగా పెట్టి, ఆ జంట "హెచ్‌ఏ స్టేటస్" ఒక్కటి చూస్తూ కూర్చుని, దానికే మానిటరింగ్ అని పేరు పెట్టుకోవడం మీద.

ఈ రంగంలో లేనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బయటినుంచి కంపెనీకి వచ్చే మెయిలు నేరుగా ఉద్యోగి మెయిల్‌బాక్సులో పడదు. ముందు గుమ్మం దగ్గర ఒక పెట్టె దాన్ని ఆపి స్పామా, వైరసా, దొంగ లింకులేమైనా ఉన్నాయా అని సోదా చేసి లోపలికి పంపుతుంది. ఆ పెట్టె పడిపోతే మెయిలు మొత్తం ఆగిపోతుంది కాబట్టి రెండు కొంటారు. ఒకటి పనిచేస్తుంది, రెండోది కాచుకుని ఉంటుంది. మొదటిది చస్తే రెండోది అందుకుంటుంది. ఇదే హై అవైలబిలిటీ, ముద్దుపేరు హెచ్‌ఏ. "ప్రైమరీ, సెకండరీ, సింక్ ఓకే" అని తెర మీద కనిపిస్తుంటుంది. నైట్ షిఫ్టు కుర్రాడు గంటకోసారి అది చూసి ఎక్సెల్ షీటులో "ఓకే" అని కొడతాడు. నెలాఖరున ఆడిటరు వచ్చి ఆ ఓకేలన్నీ చూసి సంతోషించి వెళ్తాడు.

ఇంతకీ ఆ ఓకేకి అర్థమేంటి? అది ఎక్కణ్ణుంచి వస్తోందో చూస్తే తెలుస్తుంది. ఇలాంటి జంటల్లో బాగా వాడుకలో ఉన్న వీఆర్ఆర్‌పీ పద్ధతి తీసుకోండి. మాస్టరుగా ఉన్న పెట్టె మామూలుగా సెకనుకోసారి "నేనున్నా" అని ఒక చిన్న ప్యాకెట్ పంపుతుంది. సుమారు మూడు సెకన్లు ఆ మాట వినబడకపోతే రెండోది ఐపీ అడ్రసు లాక్కుని తను మాస్టరయిపోతుంది. కంపెనీలు సొంతంగా రాసుకున్న హార్ట్‌బీట్లు కూడా మూలంలో ఇలాంటివే. అంటే ఆ దీపం చెప్పేది ఒక్కటే: పెట్టె బతికుంది అని. మెయిలు తీసుకుంటోందా, సోదా చేస్తోందా, లోపలికి పంపుతోందా అన్నది ఆ ప్యాకెట్‌లో ఎక్కడా లేదు. కీప్‌అలైవ్‌డీ లాంటి వాటిలో మనం విడిగా స్క్రిప్టు రాసి "మెయిలు సర్వీసు కూడా చూడు నాయనా" అని చెప్పాలి. చెప్పకపోతే అది చూడదు. అపార్ట్‌మెంటు వాచ్‌మన్ రాత్రంతా విజిల్ వేస్తున్నాడు కాబట్టి గేటుకి తాళం పడినట్టే అని పడుకునేవాళ్ళని చూసి నవ్వుతాం కదా! మనం చేస్తున్నది సరిగ్గా అదే.

అసలు విషయం ఇక్కడుంది, కొంచెం ఓపిక పట్టండి. వెబ్‌సైటు పడిపోతే వెంటనే తెలుస్తుంది, తిట్లు మొదలవుతాయి. మెయిలు అలా కాదు. అది పుట్టడమే ఓపికతో పుట్టింది. అవతలి సర్వరు తలుపు తియ్యకపోతే పంపే సర్వరు మెయిలుని తన దగ్గరే పెట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. 2008 నాటి ఎస్ఎంటీపీ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 5321 ప్రకారం కనీసం 4, 5 రోజులు ప్రయత్నించాకే చేతులెత్తెయ్యాలి. అంటే మన రెండు పెట్టెలూ కట్టగట్టుకుని రెండు గంటలు చచ్చిపోయినా, తిన్నగా రాసిన సర్వర్ల నుంచి రావాల్సిన మెయిళ్ళు ఆలస్యంగానైనా వస్తాయి. అదే మన పెట్టె మెయిలుని తీసుకుని "250 ఓకే" అనేసిందనుకోండి, అవతలివాడు తన కాపీ తీసేసి నిశ్చింతగా ఉంటాడు. ఆ క్షణం నుంచి ఆ మెయిలుకి పూచీ మనది. ఆ తర్వాత పెట్టె కూలిపోయిందనో, డిస్కు నిండిందనో సాకు చెప్పి పోగొట్టకూడదని అదే ప్రమాణం గట్టిగా చెబుతుంది. కాబట్టి మెయిలు విషయంలో చచ్చిన సర్వరు పెద్ద ప్రమాదమేం కాదు. బతికున్నట్టు నటిస్తూ "ఓకే" అని తీసుకుని మింగేసే సర్వరే ప్రమాదం. మన హెచ్‌ఏ దీపం సరిగ్గా ఆ రెండోదాన్నే చూడలేదు!

ఇది పుస్తకాల గోల అనుకుంటారేమో. కొన్నేళ్ళ కిందట నేను పనిచేసిన ఒక కంపెనీలో (పేరెందుకు లెండి) ఇలాంటి జంటే ఉండేది. ఒక రాత్రి పదకొండు నుంచి మాస్టరు పెట్టెలో డిస్కు మూలుగుతోంది. హార్ట్‌బీటుకి డిస్కుతో పనిలేదు, మెమొరీలోంచి హాయిగా "నేనున్నా" అంటూనే ఉంది. క్యూ పేరుకుపోతోంది, దీపం మాత్రం పచ్చగా ఉంది. రెండింటికి పెట్టె పూర్తిగా చచ్చింది, రెండోది క్షణాల్లో అందుకుంది. పొద్దున్నే మీటింగు, చప్పట్లు, "జీరో డౌన్‌టైమ్" అని ఒక స్లైడు. నేను వేరే టీములో ఉన్నా ఊరుకోలేక అడిగాను: "సార్, పాత పెట్టె క్యూలో ఉన్నవాటి సంగతేంటి?" అని. "అదంతా వెండర్ చూసుకుంటాడు బాబూ" అన్నారు. వెండరు చూసుకున్నాడు. పాత పెట్టెని పట్టుకెళ్ళి కొత్తది ఇచ్చాడు. డిస్కుతో సహా.

మూడు వారాలకి బాలానగర్‌లో చిన్న వర్క్‌షాపు నడిపే పెద్దాయన ఒకాయన రిసెప్షన్‌కి వచ్చాడు. ఆ రాత్రి పదకొండున్నరకి, గడువు తేదీకి ముందురోజన్నమాట, కొటేషను మెయిల్ చేశాడట. పర్చేజ్ వాళ్ళు "మీ మెయిల్ మాకు రాలేదండీ" అని ఆర్డరు వేరేవాళ్ళకి ఇచ్చేశారు. ఆయన తన మెయిల్ ప్రొవైడర్ని బతిమాలి లాగు ప్రింటు తెచ్చుకున్నాడు. అందులో మా సర్వరు అన్న 250 స్పష్టంగా ఉంది. మా లాగ్ సర్వర్లో వెతికితే తీసుకున్నట్టు ఉంది, లోపలికి పంపినట్టు లేదు. ఆయన చేతిలో ఆ కాగితం పట్టుకుని "సార్, పంపినట్టే కదా సార్?" అని అడుగుతుంటే సమాధానం చెప్పే నాథుడు లేడు. ఎలా చెబుతారు? మా రికార్డుల ప్రకారం ఆ రాత్రి అసలు సమస్యే జరగలేదు. టిక్కెట్టులో "హెచ్‌ఏ నార్మల్, క్లోజ్‌డ్" అని ఉంది. ఎన్ని మెయిళ్ళు పోయాయో లెక్క తీద్దామని కూడా ఎవరూ అనలేదు, ఎందుకంటే లెక్క తీస్తే స్లైడు పోతుంది.

ఇక సేల్స్‌వాళ్ళ లెక్కల సంగతి. ఒక్కోటి 99 శాతం నమ్మకమైతే, రెండు పెడితే 99.99 అంటారు. లెక్క తప్పు కాదు, కానీ రెండూ వేరువేరు కారణాలతో చస్తేనే అది పనికొస్తుంది. మనవాళ్ళు పెట్టేవేమో ఒకే మోడలు, ఒకే వెర్షను, ఒకే ర్యాకు, వీలైతే ఒకే పవర్ స్ట్రిప్పు! 1996 జూన్ 4న ఏరియేన్ 5 రాకెట్ మొదటి ప్రయాణంలోనే పేలిపోయింది. దిశ చూపే యంత్రం పడిపోయింది, బ్యాకప్‌కి మారబోతే అది 72 మిల్లీసెకన్ల ముందే అదే కారణంతో పడిపోయి ఉంది. రెండింట్లోనూ ఒకే సాఫ్ట్‌వేరు మరి. 16 బిట్లలో పట్టని అంకె వచ్చింది. మెయిలు లోకంలో దీని తమ్ముడు 2022 జనవరి 1న పుట్టాడు. మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ 2016, 2019 సర్వర్లలో మాల్‌వేర్ సోదా ఇంజను తన వెర్షను అంకెని తేదీతో రాసుకుంటుంది. కొత్త సంవత్సరం రాగానే అది 2201010001 అయింది. 32 బిట్లలో పట్టే పెద్ద అంకె 2147483647. ఇంకేముంది, సోదా ఆగింది, మెయిళ్ళు క్యూలో ఇరుక్కున్నాయి. ఒకటి కాదు, పక్కన పది సర్వర్లు పెట్టుకున్నా పదింటికీ అదే గతి. సర్వర్లు మాత్రం అన్నీ "బతికే" ఉన్నాయి.

రెండోపెట్టె బతుకు ఇంకా దీనం. దాన్ని పట్టించుకునేవాడు ఉండడు. టీఎల్ఎస్ సర్టిఫికెట్ మాస్టరు మీద మార్చి దీనిమీద మర్చిపోతారు. బయటికి వెళ్ళే మెయిళ్ళకి అది తన సొంత ఐపీ వాడుతుంటే, ఆ ఐపీ ఎస్‌పీఎఫ్ రికార్డులో ఉండదు, పీటీఆర్ రికార్డూ ఉండదు. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ వాళ్ళు ఈ విషయాల్లో ఎంత పట్టుదలగా ఉన్నారో పంపేవాళ్ళందరికీ తెలుసు. రెండోపెట్టె రాజ్యానికి వచ్చిన రోజే మీ మెయిళ్ళు వెనక్కి రావడం మొదలవుతుంది. హెచ్‌ఏ తెర మీద? "ఫెయిలోవర్ సక్సెస్‌ఫుల్".

పోనీ, మారడం అనేదైనా ఎప్పుడూ మంచిదేనా? 2018 అక్టోబర్ 21న గిట్‌హబ్‌లో రెండు కేంద్రాల మధ్య లింకు 43 సెకన్లు తెగింది. ఆటోమేటిక్ ఫెయిలోవర్ ఠంచనుగా తన పని తాను చేసింది. రెండు వైపులా వేరువేరు డేటా మిగిలి, సర్దుకోవడానికి 24 గంటల 11 నిమిషాలు పట్టింది. మెయిలు జంటల్లో దీని చిన్న రూపం, మధ్య తీగ తెగి రెండూ మాస్టర్లయిపోవడం. ఒకే ఐపీకి ఇద్దరు యజమానులు. ఎవరి తెరలో చూస్తే వాళ్ళదే పచ్చగా ఉంటుంది! అందుకే "మాస్టరు ఉందా" అని అడిగితే చాలదు, "సరిగ్గా ఒక్కటే ఉందా" అని రెండింటినీ, బయటి మూడో మెషిన్ నుంచి అడగాలి.

ఇంకో వింత. మెయిలు సర్వరు పడిపోతే వచ్చే అలర్టుని చాలామంది ఎలా పంపుతారు? మెయిలుతోనే! నవ్వకండి, 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ డేటాబేసు పోగొట్టుకున్నప్పుడు బయటపడిందేంటంటే, బ్యాకప్పులు ఫెయిలవుతున్నట్టు చెప్పే మెయిళ్ళు వెళ్తూనే ఉన్నాయి, కాకపోతే డీమార్క్ సరిగ్గా లేక అవతల తిరస్కరణ అవుతున్నాయి. అంత పేరున్న, అంత నిజాయితీగా అన్నీ బయట పెట్టుకున్న వాళ్ళకే అలా అయితే మనమెంత. ఎస్ఎంఎస్సో, ఫోనుకాలో, మెయిలుతో సంబంధం లేని దారి ఒకటి ఉండాలి.

మరేం చూడమంటావయ్యా అంటారా? మెయిలుని చూడండి. బయట ఎక్కడో ఒక అకౌంటు నుంచి ఐదు నిమిషాలకోసారి ఒక మెయిలు పంపి, లోపలి మెయిల్‌బాక్సులో ఎంతసేపటికి పడిందో కొలవండి. రెండు పెట్టెల్లోనూ క్యూ ఎంతుంది, అందులో అన్నిటికన్నా పాతది ఎన్ని నిమిషాలదో చూడండి (మొత్తం సంఖ్య కన్నా ఈ వయసే ఎక్కువ నిజం చెబుతుంది). తీసుకున్నవెన్ని, పంపినవి, ఆపినవి, క్యూలో ఉన్నవి కలిపితే ఎన్ని, రెండూ సరిపోవాలి, కిరాణా కొట్టు చిట్టాలాగా. సోదా నిజంగా జరుగుతోందా అని రోజుకోసారి ఐకార్ పరీక్ష ఫైలు పంపండి. 68 అక్షరాల తీగ, హాని లేదు, యాంటీవైరస్‌లు దాన్ని వైరసుగా గుర్తుపట్టేలా ఒప్పందం. అది లోపలికి వచ్చేసిందంటే మీ కాపలావాడు నిద్రపోతున్నట్టే. పాత్ర మారితే రెండు దీపాలూ పచ్చగా ఉన్నా సరే ఎవరో ఒకరిని నిద్రలేపాలి, చచ్చిన పెట్టె క్యూ తేలేదాకా టిక్కెట్టు మూయకూడదు. ఇందులో కొత్తగా కొనాల్సింది ఏదీ లేదు. ఒక వారం పని, అంతే.

కానీ చెప్పి చూడండి, "నడుస్తున్న బండికి కర్ర అడ్డం పెట్టడమెందుకు" అంటారు. వాళ్ళ భయం నాకర్థమవుతుంది. కావాలని మార్చినప్పుడు ఏదైనా అయితే పేరు పోతుంది, దానంతటదే చస్తే "హార్డ్‌వేర్ ఫెయిల్యూర్" అని రాసుకోవచ్చు. కానీ ఆ సౌకర్యం ఖర్చు బాలానగర్ పెద్దాయన లాంటివాళ్ళు పెట్టుకోవాలా?

ఇప్పుడు నేనున్న చోట ప్రతి నెలా రెండో శనివారం పొద్దున పదింటికి పాత్రలు మారుస్తాం. మార్చి వెనక్కి తేము, నెలంతా అలాగే వదిలేస్తాం. దాంతో అసలుది, స్పేరుది అనే తేడానే లేకుండా పోయింది. మొన్న అలా మార్చిన అరగంటకే ఒక బ్యాంకుకి వెళ్ళిన మెయిళ్ళు తిరిగొచ్చాయి. ఇంటర్నెట్ ప్రొవైడరు ఆ పెట్టె ఐపీ మార్చి, పీటీఆర్ రికార్డు పెట్టలేదు. జంటని వెంటనే వెనక్కి తిప్పి, వాళ్ళకి ఫోన్ చేస్తే సోమవారం సాయంత్రానికి పెట్టారు. మంగళవారం మళ్ళీ మార్చాం.